పిండంలో కండరానికి పక్క పొర చెప్పే మాట

సంపాదకులు గారికి,

నమస్కారం. "ఫలానా లక్షణానికి కారణమైన జన్యువు దొరికింది" అనే వార్తలు తెలుగు పత్రికల్లో తరచూ చూస్తున్నాం. వార్తలో తప్పేమీ ఉండదు. చదివిన విద్యార్థి మనసులో మాత్రం ఒక తప్పు అభిప్రాయం నాటుకుంటోంది: కండరం కావాలని ఆ కణంలో ముందే రాసిపెట్టి ఉంటుంది, వేళ రాగానే అది తనంతట తానే కండరం అయిపోతుంది అని. మన డిగ్రీ పాఠాలూ దీన్ని సరిదిద్దడం లేదు. పిండోత్పత్తి అనగానే మూడు పొరల పట్టిక ఒకటి వస్తుంది. బహిస్త్వచం (పై పొర) నుంచి చర్మం, నాడులు; మధ్యస్త్వచం (మధ్య పొర) నుంచి కండరాలు, గుండె; అంతస్త్వచం (లోపలి పొర) నుంచి పేగు. పరీక్షలో రెండు మార్కులకు అది సరిపోతుంది. కానీ ఆ పొరల మధ్య సంకేతాలు నడవకపోతే పట్టికలో ఉన్న అవయవాలు సరిగ్గా ఏర్పడనే ఏర్పడవు. ఈ సంగతి కీటకాల పిండాల్లో చాలా వివరంగా తేలింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో జంతుశాస్త్రం బోధించే మేం కొందరం కలిసి ఆ వివరాలు మీ పాఠకుల ముందు పెడుతున్నాం. అందులో కొంత భాగాన్ని మన కాలేజీ ప్రయోగశాలల్లోనే కళ్లారా చూడవచ్చు కాబట్టి, ఆ పద్ధతి కూడా రాస్తున్నాం.

ముందుగా ఏ కీటకమో చెప్పాలి. అరటిపండ్ల బండి మీద, చెరకు రసం మిషను దగ్గర ముసిరే ఎర్ర కళ్ల చిన్న ఈగ డ్రోసోఫిలా. మామిడి, జామ కాయల్లో పురుగు పుట్టించే పండుఈగ వేరే జాతి, రెండింటినీ కలపకూడదు. డ్రోసోఫిలా గుడ్డు పొడవు అర మిల్లీమీటరు. 25 డిగ్రీల సెల్సియస్‌లో గుడ్డు పెట్టిన సుమారు 22 గంటలకు డింభకం బయటికి వస్తుంది. పాకడానికి, తినడానికి కావలసిన కండరాలన్నీ ఆ లోపలే తయారై ఉంటాయి.

మొదటి మూడు గంటల్లో కేంద్రకాలు 13 సార్లు విభజన చెంది, సుమారు ఆరు వేల కణాలు గుడ్డు అంచున ఒకే వరుసగా నిలుస్తాయి. అప్పుడు పొట్టవైపున్న సుమారు వెయ్యి కణాలు గాడి పడి లోపలికి దిగుతాయి. ట్విస్ట్, స్నెయిల్ అనే జన్యువులు పనిచేస్తున్నది ఈ కణాల్లోనే, ఇవే మధ్యస్త్వచం. ఇంతవరకూ కణం తన జన్యువుల మాట విని నడిచిందనే చెప్పవచ్చు. ఇక్కడి నుంచి పక్క పొర రంగంలోకి దిగుతుంది.

లోపలికి దిగిన కణాలు మొదట గుంపుగా పడి ఉంటాయి. తర్వాత బహిస్త్వచం లోపలి ముఖాన్ని అంటుకుని, పొట్టవైపు నుంచి వీపువైపు పాకుతూ, ఒక కణం మందాన పరుచుకుంటాయి. పాకమనే సంకేతం బహిస్త్వచం నుంచే వస్తుంది. అది పిరమస్, థిస్బీ అనే రెండు ఎఫ్‌జీఎఫ్ జాతి (కణాల మధ్య సంకేతాలు మోసే ఒక కుటుంబం) ప్రోటీన్లను విడుదల చేస్తుంది. వాటిని అందుకునే గ్రాహకం పేరు హార్ట్‌లెస్, అది మధ్యస్త్వచ కణాల మీద ఉంటుంది. హార్ట్‌లెస్ జన్యువు చెడిన పిండాల గురించి 1996లో పరిశోధన పత్రాలు వచ్చాయి. వాటిలో మధ్యస్త్వచ కణాలు పుట్టాయి, లోపలికి దిగాయి, కానీ వీపువైపు చేరలేక దిగిన చోటి దగ్గరే ఆగిపోయాయి. గుండె ఏర్పడలేదు. పేగు చుట్టూ ఉండే కండరం, వీపువైపు కండరాలు బాగా దెబ్బతిన్నాయి.

వీపువైపు చేరకపోతే గుండె ఎందుకు పోయింది? అసలు పాఠమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. వీపువైపు బహిస్త్వచం డీపీపీ అనే మరో ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది. మన శరీరంలో ఎముకల పెరుగుదలకు తోడ్పడే బీఎంపీ ప్రోటీన్ల కుటుంబమే ఇదీ. మధ్యస్త్వచంలో టిన్‌మన్ అనే జన్యువు ఉంది. మొదట్లో ట్విస్ట్ దాన్ని మధ్యస్త్వచం అంతటా మేల్కొలుపుతుంది. కాసేపటికి పొట్టవైపు కణాల్లో అది ఆగిపోతుంది. డీపీపీ అందిన వీపువైపు కణాల్లో మాత్రం కొనసాగుతుంది, ఆ కణాల నుంచే గుండె, పేగు కండరం వస్తాయి. డీపీపీని పొట్టవైపు కూడా విడుదలయ్యేలా చేస్తే టిన్‌మన్ అక్కడా కొనసాగుతుందని 1995లో మాన్‌ఫ్రెడ్ ఫ్రాష్ చూపించారు. కణంలోని జన్యువుల్లో ఏ మార్పూ చేయకుండా, పైపొర పంపే సంకేతాన్ని మార్చితేనే కణం దారి మారిపోయింది.

ఇక్కడ విద్యార్థులు రెండో తప్పులో పడే ప్రమాదం ఉంది, అంతా పొరుగువారి దయేనని. డీపీపీ వీపువైపు బహిస్త్వచం మీద కూడా పనిచేస్తూనే ఉంటుంది, అయినా అది చర్మం అవుతుందే గానీ గుండె కాదు. దానిలో టిన్‌మన్ లేదు మరి. సంకేతాన్ని ఎలా అర్థం చేసుకోవాలో కణం సొంత జన్యువులు సిద్ధం చేసి పెడతాయి, ఆ సంకేతం ఎప్పుడు, ఎక్కడ అందాలో పొరుగు పొర నిర్ణయిస్తుంది. ఒకే సంకేతం రెండు పొరల్లో రెండు ఫలితాలు ఇవ్వడానికి కారణం ఇదే. తరగతిలో కనీసం పది నిమిషాలైనా ఈ విషయం దగ్గర ఆగాలని మా గట్టి అభిప్రాయం.

డీపీపీ వీపునూ పొట్టనూ వేరు చేస్తే, తల నుంచి తోక వరకు వరుసగా ఉన్న ఖండితాల్లో (శరీరపు ముక్కల్లో) వింగ్‌లెస్, హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్లు బహిస్త్వచంలో అడ్డచారలుగా వెలువడతాయి. వీపువైపున వింగ్‌లెస్ చార కింద పడ్డ మధ్యస్త్వచం గుండె వైపు, శరీర కండరాల వైపు మళ్లుతుంది. చారల మధ్య భాగంలో హెడ్జ్‌హాగ్ ప్రభావం ఎక్కువ, అక్కడ బ్యాగ్‌పైప్ అనే జన్యువు మేల్కొని పేగు కండరానికి దారి తీస్తుంది. వింగ్‌లెస్ లేని పిండంలో గుండె ఉండదు, కొన్ని శరీర కండరాలూ ఉండవు. ఉష్ణోగ్రతను బట్టి పనిచేసే వింగ్‌లెస్ రకం ఒకటి ఉంది. చల్లని గదిలో మామూలుగా, వెచ్చని గదిలో చెడిపోయి ఉంటుంది. పిండాన్ని సరైన గంటలో వెచ్చని చోటికి మార్చి, గుండెకు ఈ సంకేతం ఏ సమయంలో అవసరమో పరిశోధకులు తేల్చారు. ఆలస్యంగా అందిన సంకేతం అందనట్టే.

ఈ సంకేతాలు కణంలో ఎక్కడ కలుస్తాయి? వీపువైపు ఈవెన్ స్కిప్డ్ అనే జన్యువును తీసుకుందాం. గుండె పక్క కణాలకు, డీఏ1 అనే కండరానికి ఇది గుర్తు. ఆ జన్యువును నడిపించే డీఎన్ఏ ముక్క మీద వింగ్‌లెస్ సంకేతానికి ఒక చోటు, డీపీపీ సంకేతానికి ఒక చోటు, రాస్ అనే మూడో సంకేత మార్గానికి ఒక చోటు, కణం సొంత ప్రోటీన్లు టిన్‌మన్, ట్విస్ట్‌లకు మరో చోటు ఉన్నాయి. బ్యాంకులో ఉమ్మడి ఖాతా చెక్కు మీద అందరి సంతకాలూ పడితేనే డబ్బు వచ్చినట్టు, ఇవన్నీ కలిసిన కొద్ది కణాల్లోనే ఆ జన్యువు పూర్తిగా పనిచేస్తుంది. ఖండితంలో వందల కణాలుంటే నిర్ణీతమైన రెండు మూడు చోట్లే ఆ కండరం మొదలు కావడానికి ఇదే కారణం.

ఆ తర్వాతి సంభాషణ మధ్యస్త్వచ కణాల మధ్యే నడుస్తుంది. సమాన అర్హత ఉన్న చిన్న గుంపులో ఒక కణం ముందుకు వచ్చి, నాచ్, డెల్టా ప్రోటీన్ల ద్వారా పక్క కణాలను ఆపుతుంది. నాచ్ లేకపోతే అందరూ ముందుకు వస్తారు, కండరానికి పునాది వేసే కణాలు లెక్కకు మించి పుడతాయి. ఎంపికైన కణం రెండుగా విడిపోయి పునాది కణాలను ఇస్తుంది. మిగిలినవి వచ్చి వాటితో కలిసిపోతాయి. డంబ్‌ఫౌండెడ్ అనే ప్రోటీన్ పునాది కణం మీద, స్టిక్స్ అండ్ స్టోన్స్ అనేది వచ్చి కలిసే కణం మీద ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కలయిక జరగని ఉత్పరివర్తనాల్లో (జన్యువు చెడిన పిండాల్లో) కూడా పునాది కణం ఒంటరిగానే సన్నగా సాగి, తన కండరం దిశలోనే అతుక్కునే చోటు వెతుకుతుంది. అంటే కండరం గుర్తింపు అంతా పునాది కణంలో ఉంది. ఉదరంలో రెండు నుంచి ఏడు ఖండితాల వరకు ఒక్కో పక్క ముప్పై కండరాలు, ప్రతిదానికీ దాని చోటు, దిశ, పరిమాణం ఉన్నాయి. కొన్నింటిలో కేంద్రకాలు రెండు మూడే ఉంటే కొన్నింటిలో పాతిక దాకా ఉంటాయి. పునాది కణాలను మైకేల్ బేట్ 1990లో వర్ణించారు. అంతకు ముందే, 1983లో, వేరే పరిశోధకులు మిడత పిండాల్లో పెద్ద కణాలు కొన్ని ముందుగా చేరి కండరం రాబోయే చోటును గీసి పెడతాయని చూశారు. మిడత మన వరిచేల గట్ల మీద కనిపించేదే.

కండరం చివరలు అతుక్కునే చోట సంకేతాలు రెండు వైపులా నడుస్తాయి. మాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. బహిస్త్వచంలో కొన్ని కణాల్లో స్ట్రైప్ అనే జన్యువు పనిచేసి వాటిని టెండన్ కణాలుగా (కండరం చివర అతుక్కునే కణాలుగా) మొదలుపెడుతుంది. కండరం ఇంకా రాకముందే ఇది జరుగుతుంది. సాగుతున్న కండరానికి ఈ కణాలే గమ్యం. బహిస్త్వచంలో స్ట్రైప్‌ను తప్పు చోట పనిచేయిస్తే కండరాలు దారి తప్పుతాయి. కండరం చేరాక తన వంతుగా వెయిన్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది. అది టెండన్ కణం మీదున్న ఈజీఎఫ్ గ్రాహకానికి తగిలితేనే ఆ కణం పూర్తిస్థాయి టెండన్ కణంగా నిలుస్తుంది. వెయిన్ లేకపోతే మొదలైన టెండన్ కణం పరిపక్వం కాదు. టెండన్ కణం త్రోంబోస్పాండిన్ అనే ప్రోటీన్‌ను మధ్యలోకి వదులుతుంది, కండరం తన ఇంటెగ్రిన్ అనే అంటుకునే ప్రోటీన్‌తో దాన్ని పట్టుకుంటుంది. ఇంటెగ్రిన్‌లో ఒక భాగాన్ని ఇచ్చే జన్యువు మయోస్ఫెరాయిడ్. అది చెడిపోతే కండరం మామూలుగానే ఏర్పడి, మామూలుగానే చేరుతుంది. కానీ మొదటిసారి సంకోచించగానే పట్టు ఊడి గుండ్రటి ముద్దగా చుట్టుకుపోతుంది.

నాడుల సంగతి క్లుప్తంగా చెబుతాం. డ్రోసోఫిలా పిండంలో నాడి చేరకపోయినా కండరాల అమరిక మారదు. కానీ నాడి తాకాల్సిన చోట, నాడి సంకేతాన్ని అందుకునే గ్లుటమేట్ గ్రాహకాలు గుమిగూడవు. పూర్తిగా ఎదిగిన ఈగల్లో నాడి పాత్ర ఇంకా ఎక్కువ. మగ ఈగ ఉదరంలో అయిదో ఖండితంలో మాత్రమే ఉండే ఒక కండరం, కండర కణాలు మగవో ఆడవో అన్నదాని మీద కాక, దానికి వచ్చే నాడి మగదా ఆడదా అన్నదాని మీద ఆధారపడుతుందని 1986లో లారెన్స్, జాన్‌స్టన్ చూపారు. ఎదిగిన ఈగ ఎగిరే కండరాల మీద మన బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో విజయరాఘవన్ బృందం చేసిన పని ప్రపంచమంతా ఎరిగినది. దాన్ని మన పిల్లలకు పేరు పెట్టి చెప్పాలి.

ఈగ గుండెతో మనకేం పని అని అడిగే వారికి ఒక్క విషయం: టిన్‌మన్‌కు మనిషిలో ఉన్న జోడు జన్యువు ఎన్‌కేఎక్స్2-5. దానిలో లోపం ఉన్న కుటుంబాల్లో పుట్టుకతో గుండె గదుల మధ్య గోడకు రంధ్రం ఉండటం 1998లో గుర్తించారు. ఈగలో అయిదేళ్ల ముందే ఆ జన్యువుకూ గుండెకూ సంబంధం తేలింది.

ఇక ప్రయోగం. ప్రకాశం జిల్లాలో సులువుగా దొరికే పొగాకు లద్దెపురుగు గుడ్లతో చేయవచ్చా అని కొందరు అడుగుతారు. ఆ గుడ్లు ముద్దగా, పైన నూగుతో ఉంటాయి, లోపల సొన వల్ల ఏమీ కనబడదు. డ్రోసోఫిలానే మేలు. వంద నుంచి నూటయాభై ఈగలు, మూడు నుంచి ఏడు రోజుల వయసువి, అడుగున సూదితో రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ బీకరులో ఉంచాలి. బీకరు నోటికి పళ్లెం: నీళ్లు 75 మిల్లీలీటర్లు, ద్రాక్షరసం 25 మిల్లీలీటర్లు, అగర్ 3 గ్రాములు, చక్కెర 2.5 గ్రాములు కలిపి మరిగించాలి. 60 డిగ్రీలకు చల్లారాక ఆల్కహాల్‌లో కలిపిన 10 శాతం నిపాజిన్ (బూజు పట్టనివ్వని మందు) 1 మిల్లీలీటరు వేయాలి. వేడి మీద వేస్తే ఆల్కహాల్ గుప్పున ఆవిరవుతుంది, వేయకపోతే వానాకాలంలో రెండో రోజుకే బూజు పడుతుంది. మధ్యలో బేకరీ ఈస్టు ముద్ద బఠాణీ గింజంత పెట్టాలి. పళ్లెం మీద నీరు నిలిచి ఉంటే ఈగలు అంటుకుని చస్తాయి, ముందే ఆరబెట్టాలి. బీకరును నీళ్లున్న ట్రేలో ఎత్తు మీద పెట్టకపోతే చీమలు పడతాయి.

మొదటి గంట పళ్లెం పారేయాలి. ఆడ ఈగలు ఫలదీకరణం జరిగిన గుడ్లను కడుపులో దాచుకుని ఉంటాయి, వాటి వయసు మనకు తెలియదు. ఆ తర్వాత రెండు గంటలు గుడ్లు పెట్టనిచ్చి, ఈగలను తీసేసి, పళ్లాన్ని 25 డిగ్రీల దగ్గర 16 గంటలు ఉంచితే 16 నుంచి 18 గంటల పిండాలు చేతికి వస్తాయి. 18 డిగ్రీలలో ఉంచితే పెరుగుదలకు దాదాపు రెట్టింపు కాలం పడుతుంది. 14 గంటల లోపు పిండంలో కండర తంతువుల అమరిక పూర్తికాదు, పోలరాయిడ్ (కాంతిని ఒకే దిశలో కంపించేలా వడగట్టే పలక) కింద ఏమీ మెరవదు. మరీ ఆలస్యమైతే పై కవచం గట్టిపడి ఫార్మాలిన్ లోపలికి దిగదు.

గుడ్లను కుంచెతో జల్లెడ గుడ్డలోకి తీసి, సగం నీళ్లు కలిపిన బ్లీచ్‌లో రెండు మూడు నిమిషాలు ఉంచాలి. గుడ్డు ముందు భాగంలోని రెండు కొమ్ములు కరిగిపోగానే తీసి నీళ్లతో బాగా కడగాలి. ఎండాకాలం షాపులో నెలల తరబడి ఉన్న బ్లీచ్ సీసా సత్తువ కోల్పోతుంది. కొమ్ములు కరగడం లేదంటే దాన్నే అనుమానించాలి. తర్వాత గాజు సీసాలో హెప్టేన్, 4 శాతం ఫార్మాల్డిహైడ్ సమంగా పోసి, పిండాలు వేసి 20 నిమిషాలు ఊపాలి. కింది పొరను పిపెట్‌తో తీసేసి, అంతే మిథనాల్ పోసి ఒక నిమిషం గట్టిగా కుదపాలి. లోపలి పొర చిట్లిన పిండాలు అడుగుకు దిగుతాయి. మధ్యలో తేలేవాటికి పొర ఇంకా ఉంది, వాటిని వదిలేయాలి. ఈ పని గాలి ఆడే చోట, గ్లవ్స్ వేసుకుని, మంట దరిదాపుల్లో లేకుండా చేయాలి. హెప్టేన్, మిథనాల్ రెండూ భగ్గుమనేవే.

అడుగుకు దిగిన పిండాలను నీరు లేని ఆల్కహాల్‌లో రెండుసార్లు కడిగి, మిథైల్ సాలిసిలేట్‌లో వేస్తే పారదర్శకం అవుతాయి. పిండం పాలలా తెల్లబడితే నీరు మిగిలిందని గుర్తు, మళ్లీ ఆల్కహాల్‌కు వెళ్లాలి. మిథైల్ సాలిసిలేట్ చాలా ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది, గాజు పాత్రలే వాడాలి. ఇక సూక్ష్మదర్శినికి రెండు పోలరాయిడ్‌లు కావాలి. భౌతికశాస్త్రం వారి దగ్గర ఉంటాయి, అడిగితే ఇస్తారు. ఒకటి దీపం మీద, ఒకటి కంటి దగ్గర పెట్టి, పైదాన్ని తిప్పుతూ క్షేత్రం నల్లబడే దాకా వెళ్లాలి. అప్పుడు ఆ నలుపులో కండరాలు తెల్లగా మెరుస్తాయి. పిండం పొడవు పోలరాయిడ్ అక్షానికి సమాంతరంగా ఉంటే నిలువు, అడ్డ కండరాలు మాయమవుతాయి, ఏటవాలువి మెరుస్తాయి. 45 డిగ్రీలు తిప్పితే తారుమారు అవుతుంది. స్లైడు తిప్పకుండా "కండరం లేదు" అని రికార్డులో రాయడం ఈ ప్రయోగంలో అన్నిటికన్నా మామూలుగా జరిగే పొరపాటు.

మయోస్ఫెరాయిడ్ ఉత్పరివర్తనం ఉన్న రకంతో ఇదే చేస్తే, నాలుగింట ఒక వంతు పిండాల్లో పట్టీల బదులు ముద్దలు కనబడాలి. వంద పిండాలు లెక్కపెట్టి చూసుకోవచ్చు. మైసూరు విశ్వవిద్యాలయంలో డ్రోసోఫిలా రకాలను నిల్వచేసే కేంద్రం ఉంది, ఏ రకాలు దొరుకుతాయో కళాశాలలు అక్కడ విచారించవచ్చు.

నెల్లూరు ఎండ ఈ ప్రయోగానికి పెద్ద శత్రువు. 29, 30 డిగ్రీలు దాటితే మగ ఈగలు వంధ్యమవుతాయి. ఆడ ఈగలు గుడ్లు పెడుతూనే ఉంటాయి గానీ వాటిలో పిండం పెరగదు. దాన్ని చూసి రసాయనాలను తప్పుపట్టడం కద్దు. ముందు ఒక పళ్లెం పక్కన పెట్టి, ఒకటిన్నర రోజు తర్వాత ఎన్ని పొదిగాయో లెక్కపెడితే తెలిసిపోతుంది. ఇంక్యుబేటరు లేని చోట థర్మోకోల్ పెట్టెలో చల్లటి నీళ్ల సీసాలు, ఒక థర్మామీటరు పెట్టి ఆరారగంటకు చూసుకోవాలి.

మీ విద్యా పేజీలో ఇలాంటి ప్రయోగాలకు చోటు ఇవ్వాలని కోరుతున్నాం. జన్యువు గురించి వార్త వేసేటప్పుడు, ఆ జన్యువు ఏ కణంలో పనిచేస్తుంది, ఎవరి సంకేతం మీద పనిచేస్తుంది అన్న రెండు వాక్యాలు కూడా చేర్చాలని విన్నవించుకుంటున్నాం. ఈ ప్రయోగానికి మన జిల్లాల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువుగా ఉంటుంది. అంతకు ముందే అచ్చయితే కాలేజీలు ఈగలను పెంచడం మొదలుపెట్టుకోవడానికి వీలవుతుంది. ఒక తరం ఈగలకు పది రోజులు పడుతుంది.

ఇట్లు,
కొందరు జంతుశాస్త్ర అధ్యాపకులు,
నెల్లూరు, ఒంగోలు